కారుకు పీపీఎఫ్ ఖర్చు: కొటేషన్‌లో రాయని లెక్కలు

కారు పెయింటు మీద అంటించే పారదర్శక రక్షణ ఫిల్మ్, అదే పీపీఎఫ్, గురించి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఖర్చు చుట్టూనే తిరుగుతున్నాయి. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం. రేట్లు చోటును బట్టి, కాలాన్ని బట్టి మారతాయి కాబట్టి ధర ఇంత అని చెప్పడం లేదు. ఆ ధర దేనివల్ల పెరుగుతుందో, ఎక్కడ తగ్గించుకోవచ్చో, ఎక్కడ తగ్గించుకుంటే నష్టపోతామో చెబుతున్నాం.

ప్రశ్న: ఒకే కారుకు మూడు చోట్ల అడిగాం. ముగ్గురూ టీపీయూ (సాగి మళ్లీ దగ్గరికొచ్చే ఒక రకం ప్లాస్టిక్) ఫిల్మే అంటున్నారు, మందం కూడా ఒకటే అంటున్నారు. అయినా ఒకరి రేటుకు ఇంకొకరి రేటు దాదాపు రెండింతలుంది. తేడా ఎక్కడుంది?

జవాబు: కొంత ఫిల్మ్‌లో, ఎక్కువ పనిలో.

ముందు ఫిల్మ్ లెక్క చూద్దాం. పీపీఎఫ్ రోల్ మామూలుగా 1.52 మీటర్ల వెడల్పు, 15 మీటర్ల పొడవు ఉంటుంది. అంటే 22.8 చదరపు మీటర్లు. సెడాన్ మొత్తానికి వేయాలంటే దాదాపు ఒక రోల్ ఖర్చవుతుంది. చిన్న హ్యాచ్‌బ్యాక్ అయితే కాస్త మిగులుతుంది, పెద్ద ఎస్‌యూవీ అయితే రెండో రోల్ విప్పాలి. కారు మీద నిలిచే ఫిల్మ్ కన్నా మీరు డబ్బు కట్టే ఫిల్మ్ ఎప్పుడూ ఎక్కువే. బానెట్ 1.4 మీటర్ల వెడల్పు, 1.1 మీటర్ల పొడవు ఉందనుకోండి. దాని వైశాల్యం 1.54 చదరపు మీటర్లు. పట్టుకుని లాగడానికి, అంచులు లోపలికి మడవడానికి చోటుండాలి కాబట్టి రోల్ నుంచి 1.25 మీటర్లయినా కోయాలి. అది 1.9 చదరపు మీటర్లు. సుమారు ఐదో వంతు కత్తిరింపుల్లోనే పోయింది. వంపులు ఎక్కువున్న బంపర్‌లో ఇంకా ఎక్కువ పోతుంది. బానెట్ వెడల్పే 1.52 మీటర్లు దాటితే 1.83 మీటర్ల వెడల్పు రోల్ తెప్పించాలి, లేదా రెండు ముక్కలు వేసి మధ్యలో అతుకు పెట్టాలి. తక్కువ రేటు చెప్పినవారు అతుకు పెడతారేమో ముందే అడగండి.

కోసే పద్ధతి ఇంకో తేడా. కొందరు మీ కారు మోడల్ కొలతలను కంప్యూటర్‌లో తీసుకుని ప్లాటర్ అనే కోత యంత్రం మీద ముక్కలు (ప్యాటర్న్‌లు) కోస్తారు. ఫిల్మ్ ఆదా అవుతుంది, పెయింటు దగ్గరికి బ్లేడు రాదు. కానీ ముక్క ప్యానెల్ అంచుకు రెండు మూడు మిల్లీమీటర్ల ముందే ఆగిపోతుంది. ఆ గీత దగ్గర దుమ్ము చేరి, లేత రంగు కార్ల మీద సన్నగా నల్లగా కనబడుతుంది. ఇంకొందరు పెద్ద షీట్‌ను కారు మీదే పరిచి, చేత్తో కోసి, అంచును లోపలికి మడుస్తారు. ఇది చూడ్డానికి బాగుంటుంది, అంచు లేవడమూ తక్కువ. అయితే ఫిల్మ్ ఎక్కువ పడుతుంది, సమయం ఎక్కువ పడుతుంది, చెయ్యి జారితే పెయింటు పైనుండే పారదర్శక పూత, అంటే క్లియర్ కోట్, బ్లేడుకు తెగుతుంది. ప్యాటర్న్‌నే కాస్త పెద్దదిగా కోసి అంచులు మడిచేవారు కూడా ఉన్నారు. మంచి షాపుల్లో ఎక్కువగా జరిగేది అదే, మేము సూచించేదీ అదే.

అంచులు సరిగ్గా మడవాలంటే హెడ్‌ల్యాంపులు, డోర్ హ్యాండిళ్లు, అద్దాలు, బీడింగులు, లోగోలు కొన్ని విప్పాలి, మళ్లీ క్లిప్పులు విరగకుండా బిగించాలి. రేటులో కనబడని అసలు తేడా చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. ఒక షాపు రెండు రోజుల్లో ఇచ్చేస్తానంటుంది, ఇంకో షాపు నాలుగు రోజులంటుంది. కారు మొత్తానికి ఇద్దరు మనుషులు, కడగడం పాలిషింగ్‌తో కలిపి, మూడు నాలుగు రోజులు చేయాల్సిన పని ఇది. ఒక్క ముందు బంపరే పూట తింటుంది. రెండో రోజు సాయంత్రానికి కారు చేతికిస్తామంటే ఏదో ఒక పని వదిలేస్తున్నారన్నమాటే.

కాబట్టి కొటేషన్ మీద ఇవన్నీ రాయించుకోండి: ఫిల్మ్ కంపెనీ పేరుతో పాటు అందులో ఏ రకం (ఒకే కంపెనీ మూడు నాలుగు రకాలు, వేర్వేరు వారంటీలతో అమ్ముతుంది), ఏయే ప్యానెళ్లు, అంచులు మడుస్తారా, ఏవి విప్పుతారు, అతుకులు ఎక్కడ వస్తాయి, పాలిషింగ్ కలిపిందా విడిగానా, వారం పది రోజుల తర్వాత చూపిస్తే సరిచేసేది ఉచితమా. ఇవి రాశాక మూడు కొటేషన్లూ పక్కపక్కన పెట్టి చూడండి. 'రెండింతలు' అనిపించిన తేడా చాలావరకు తగ్గిపోతుంది.

ప్రశ్న: బండి మొత్తానికి వేయించే స్తోమత లేదు. ముందు భాగం ఒక్కటే వేయిస్తే ప్రయోజనం ఉంటుందా? డబ్బు ఎక్కడ పెడితే మేలు?

జవాబు: తప్పకుండా ఉంటుంది. హైవే మీద రాళ్ల దెబ్బలు తగిలేది ప్రధానంగా ముందు బంపర్, బానెట్ ముందు అంచు, ముందు ఫెండర్లు, సైడ్ అద్దాల ముందు వైపు. ఈ నాలుగింటికి అయ్యే ఖర్చు మొత్తం కారు ఖర్చులో సుమారు మూడో వంతు. వైశాల్యం తక్కువే కానీ కష్టమైన పని అంతా ఇక్కడే ఉంది, అందుకే ఖర్చు అంతకన్నా దిగదు.

బానెట్ ముందు సగానికే వేస్తామని కొందరు అంటారు. ఒప్పుకోకండి. అడ్డంగా వచ్చే గీత ఎప్పటికీ కనబడుతుంది, అక్కడ మురికి పేరుతుంది, కొన్నేళ్లకు రెండు సగాల రంగులో తేడా వస్తుంది. పూర్తి బానెట్ వేయించి, ఆ ఖర్చు రూఫ్ దగ్గర మిగిల్చుకోండి. రూఫ్‌కు రాళ్లు తగలవు. అక్కడ వచ్చేవి పిట్టల రెట్టలు, ఎండ, నీటి మరకలు. వాటికి శుభ్రం చేసే అలవాటు, మంచి మైనం చాలు.

ముందు భాగం తర్వాత కాస్త డబ్బు మిగిలితే డోర్ హ్యాండిల్ వెనక గుంటలకు (గోళ్ల గీతలు పడే చోటు), డోర్ అంచులకు, డిక్కీ కింద బంపర్ పైభాగానికి (సామాను ఈడ్చే చోటు), చక్రాల వెనకనుండే డోర్ కింది పట్టీలకు వేయించండి. వీటికి పట్టే ఫిల్మ్ చాలా కొంచెం. రోల్ కత్తిరింపుల్లో మిగిలిన ముక్కలే సరిపోతాయి, ఆ మాట షాపువాళ్లతో అడిగి బేరమాడొచ్చు. వెనక చక్రాల దగ్గర బాడీ బయటికి ఉబ్బి ఉన్న కార్లలో ఆ ఉబ్బు ముందు భాగానికీ దెబ్బలు తగులుతాయి, దాన్ని మరవొద్దు.

హెడ్‌ల్యాంపులకు వేయించవచ్చు. ముందద్దానికి మాత్రం ఇదే ఫిల్మ్ వేయనీయకండి. వైపర్ రాపిడికి గీతలు పడి చూపు మసకబారుతుంది. అద్దానికి వేరే రకం ఫిల్మ్ ఉంటుంది.

ప్రశ్న: మా బావగారి కారుకు తక్కువ రేటులో పదేళ్ల వారంటీ అని చెప్పి వేశారు. రెండో వేసవికే పసుపెక్కి, అంచుల దగ్గర గట్టిపడి పగులుతోంది. ఆ షాపు ఇప్పుడు లేదు. అసలు ఫిల్మ్ ఏదో ముందే ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు పీవీసీ ఫిల్మ్‌వి. పీవీసీని మెత్తగా ఉంచడానికి కలిపే రసాయనం ఎండకు మెల్లగా బయటికి పోతుంది. ఆ తర్వాత ఫిల్మ్ కుంచించుకుని, గట్టిపడి, పగులుతుంది. 'టీపీహెచ్' అన్న పేరుతో తక్కువ ధరకు అమ్మేవి చాలావరకు పీవీసీ జాతివే. పేరు టీపీయూకు దగ్గరగా ఉండటంతో జనం మోసపోతున్నారు. టీపీయూలోనూ రెండు రకాలున్నాయి. ఆలిఫాటిక్ రకం ఎండకు తట్టుకుంటుంది, ఆరోమాటిక్ రకం పసుపెక్కుతుంది. కొటేషన్‌లో 'ఆలిఫాటిక్ టీపీయూ' అని స్పష్టంగా రాయమనండి.

చేత్తో పరీక్ష ఒకటుంది. అరచేయంత ముక్క అడిగి తీసుకుని, రెండు చేతులతో బాగా సాగదీసి వదలండి. టీపీయూ మెల్లగా దాదాపు పాత కొలతకు వస్తుంది. పీవీసీ సాగినచోటే ఉండిపోతుంది, మడత దగ్గర తెల్లబారుతుంది. తర్వాత ఇత్తడి బ్రష్‌తో పైపైన గీకి, వేడినీళ్లు పోసి చూడండి. మంచి టాప్ కోట్ ఉంటే సన్న గీతలు కళ్లెదుటే మాయమవుతాయి. అయితే ఈ గీతలు మానే గుణం పై పూతకే ఉంటుంది. ఫిల్మ్ తెగితే మాత్రం మానదు.

మందం మీద మరీ పట్టు పట్టకండి. మంచి ఫిల్మ్‌లు జిగురు, పై పూతతో కలిపి 200 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దరిదాపుల్లో ఉంటాయి. ఫ్యాక్టరీ పెయింటు మొత్తం 100 నుంచి 150 మైక్రాన్లు, అందులో పైనున్న క్లియర్ కోట్ 35 నుంచి 50 మాత్రమే. అంటే మామూలు ఫిల్మే పెయింటు కన్నా మందం. ఇంకా మందం ఫిల్మ్ రాళ్లను ఎక్కువ ఆపుతుంది కానీ వంపుల దగ్గర మొరాయిస్తుంది, అంచులు లేస్తాయి.

ఇక వారంటీ. పెట్టె మీది రోల్ నంబరు మీ ముందు చదివించి, బిల్లు మీద రాయించండి. అదే నంబరుతో, మీ కారు నంబరుతో ఫిల్మ్ కంపెనీ దగ్గర వారంటీ నమోదు చేయించి, ఆ రసీదు మీ పేరున వచ్చాకే చివరి వాయిదా కట్టండి. షాపు మూతబడినా కంపెనీని అడగడానికి మీ చేతిలో కాగితం ఉంటుంది. వారంటీలో కొత్త ఫిల్మ్ మాత్రమే ఇస్తారా, పాతది తీసి కొత్తది వేసే కూలీ కూడా భరిస్తారా అన్నది చదవండి. ఫిల్మ్ మాత్రమే ఇచ్చే వారంటీ సగం వారంటీ.

మీ బావగారి కారు విషయంలో ఆలస్యం చేయొద్దు. పగిలిన ఫిల్మ్ ఎంత కాలం ఉంటే అంత చిన్న పెళ్లలుగా ఊడుతుంది, తీసే కూలీ అంత పెరుగుతుంది.

ప్రశ్న: కారు షోరూం నుంచి నేరుగా తీసుకెళ్లాను. అయినా పాలిషింగ్ చార్జీ వేశారు. కొత్త కారుకు పాలిషింగ్ ఏంటి?

జవాబు: కొత్త కారు అంటే శుభ్రమైన కారు అని అర్థం కాదు. యార్డులో నెలల తరబడి నిలబడి, రవాణాలో ఇనుప రజను పడి, డెలివరీ ముందు మురికి గుడ్డతో తుడిపించుకుని వస్తుంది. వెలుతురులో పక్కకు నిలబడి చూస్తే సాలెగూడు లాంటి గీతలు కనబడతాయి. ఫిల్మ్ వేశాక అవి ఉన్నవి ఉన్నట్టు ఏళ్ల తరబడి కనబడుతూనే ఉంటాయి. ఇనుప రజను కరిగించే ద్రావణం, తారు మరకలు తీసేది, క్లే బార్ (పెయింటుకు అంటుకున్న రజనును లాగేసే మెత్తటి ముద్ద), అవసరమైన చోట ఒక్క విడత తేలికపాటి పాలిష్, చివర్లో నూనె అంతా పోయేలా ఆల్కహాల్ తుడుపు: ఈ క్రమం కొత్త కారుకూ కావాలి.

కానీ పాత కారుకు చేసే రెండు మూడు విడతల భారీ పాలిషింగ్ రేటు కొత్త కారుకు వేస్తే ప్రశ్నించండి. క్లియర్ కోట్‌ను అనవసరంగా అరగదీయడం అది.

పనిలో పనిగా పెయింటు మందం కొలిచే మీటరుతో ప్రతి లోహపు ప్యానెల్‌నూ చూపించమనండి. అన్నీ 100–150 మైక్రాన్ల దగ్గరుండి ఒకటి మాత్రం 200 దాటితే ఆ ప్యానెల్‌కు రెండోసారి పెయింటు పడిందనే అనుమానించాలి. ప్లాస్టిక్ బంపర్ మీద మామూలు మీటరు పనిచేయదు.

ప్రశ్న: ఫెండర్‌కు టింకరింగ్ చేయించి పెయింటు వేయించాం. వెంటనే ఫిల్మ్ వేయించవచ్చా?

జవాబు: వద్దు. వర్క్‌షాపు పెయింటులోని ద్రావకాలు పూర్తిగా బయటికి పోవడానికి కనీసం 30 రోజులివ్వండి, పెయింటు కంపెనీ ఇంకా ఎక్కువ చెబితే అంత ఆగండి. తొందరపడితే ఆవిరి ఫిల్మ్ కింద బుడగలుగా నిలుస్తుంది. ఇంకో మాట: సరిగా పట్టని పెయింటు మీద వేసిన ఫిల్మ్ తీసేటప్పుడు పెయింటు పొరనూ లాక్కొస్తుంది. అందుకే చాలా షాపులు రీపెయింట్ ప్యానెల్‌కు పూచీ ఉండదని రాయించుకుంటాయి. అది న్యాయమైన షరతే.

ప్రశ్న: వేయించి వారమైంది. కొన్నిచోట్ల బుడగలున్నాయి, ఒకచోట అంచు లేచింది, బంపర్ మూలలో తెల్లని చారలు. ఏవి వాటంతట అవే పోతాయి?

జవాబు: నీటి బుడగలు పోతాయి. కాస్త మసకగా, మెత్తగా ఉండి, వేలితో నొక్కితే కదిలేవి నీటివి. ఎండ ఉంటే వారంలో, చలిగా ఉంటే రెండు మూడు వారాల్లో ఆరిపోతాయి. సూదితో పొడవొద్దు. ఆ రంధ్రం శాశ్వతం. మధ్యలో గట్టి చుక్క ఉండి చుట్టూ వలయం ఉంటే లోపల ఇసుకో వెంట్రుకో ఉంది, అది పోదు. మెరుస్తూ కదలకుండా ఉన్న గాలి బుడగ కూడా సాధారణంగా పోదు. వంపుల దగ్గర పాల రంగు చారలు ఫిల్మ్‌ను అతిగా సాగదీసినందువల్ల వచ్చినవి. విల్లులా వంగిన సన్న గీతలు, పరిచేటప్పుడు మధ్యలో లాగడం ఆపితే జిగురు మీద పడే గుర్తులు. ఇవి రెండూ పనిలో లోపాలే, ఆ ముక్క మార్చాలి.

లేచిన అంచు కింద దుమ్ము అంటకముందే చూపించండి. దుమ్ము పట్టిన జిగురు మళ్లీ అతకదు. అప్పుడు ఆ కాస్త కోసేయడమో, ముక్క మార్చడమో తప్ప దారి లేదు.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ చూడండి. నీడలో టార్చి లైటు ఏటవాలుగా పెట్టి ప్యానెళ్ల అంచుల వెంబడి వెతకండి. ఫిల్మ్ అంచుకు సమాంతరంగా పెయింటు మీద సన్నటి కోత గీత ఉంటే అది బ్లేడు గుర్తు. లోహం దాకా తెగితే తుప్పు అక్కడి నుంచే మొదలవుతుంది. ఫొటో తీసి వెంటనే రాతపూర్వకంగా తెలపండి.

ప్రశ్న: కూలీ ఖర్చు మిగులుతుందని ఇంట్లోనే వేసుకుందామనుకుంటున్నాను. సాధ్యమా?

జవాబు: బంపర్, బానెట్ వద్దు. పాడైన ఫిల్మ్ ధరే మిగిల్చిన కూలీని మింగేస్తుంది. డిక్కీ కింద బంపర్ పైభాగం, డోర్ అంచులు మాత్రం ఓపిక ఉన్నవారు చేసుకోవచ్చు.

బంపర్ పైభాగం ఎలాగో చెబుతాం. మందపాటి కాగితం మీద కొలత తీసి, ప్రతి అంచు నుంచి 3 మిల్లీమీటర్లు తక్కువగా, మూలలు గుండ్రంగా వచ్చేలా నమూనా కోయండి. కోణంగా ఉన్న మూల మొదట లేచేది. రెండు స్ప్రే సీసాలు కావాలి. ఒకదానిలో లీటరు శుద్ధి చేసిన నీటికి కొన్ని చుక్కల బేబీ షాంపూ, ఇది జారడానికి. రెండోదానిలో నీటికి 10 నుంచి 20 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇది అంటుకోవడానికి. బోరు నీళ్లు వాడితే ఆరాక ఫిల్మ్ కింద లవణాల తెల్లమరక మిగులుతుంది.

నీడలో, ఫ్యాన్ లేని చోట, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. వేడి ప్యానెల్ మీద జిగురు తాకగానే పట్టేస్తుంది, సర్దడానికి వీలుండదు. కడిగి, క్లే చేసి, ఆల్కహాల్‌తో తుడిచాక షాంపూ నీళ్లు ప్యానెల్ మీద, మీ వేళ్ల మీద, వెనక కాగితం ఒలుస్తూ జిగురు వైపున ధారాళంగా కొట్టండి. ఫిల్మ్ నీటి మీద తేలుతుండగా సరిగ్గా కూర్చోబెట్టండి. ఫిల్మ్ పైన కూడా తడిపి, మధ్య నుంచి అంచులకు స్క్వీజీ (నీళ్లను బయటికి తోసే పట్టీ) లాగండి. ప్రతి లాగుడూ ముందుదాని సగం మీదుగా పోవాలి, లేకపోతే మధ్యలో నీటి గీత మిగులుతుంది. అంచుల కింద ఆల్కహాల్ నీళ్లు కొట్టి, ఒక నిమిషం ఆగి, గట్టిగా నొక్కండి. ముడతలు పడితే బలవంతంగా నొక్కవద్దు, లేపి, మళ్లీ తడిపి పరవండి.

ప్రశ్న: సిరామిక్ కోటింగ్ చవక కదా, దానితో సరిపెట్టుకోకూడదా?

జవాబు: రెండూ వేర్వేరు పనులకు. కోటింగ్ మందం మైక్రాన్లలోనే, అదీ చాలా తక్కువ మైక్రాన్లు. నీళ్లు జారతాయి, మురికి సులువుగా పోతుంది. రాయి దెబ్బను ఆపలేదు. '9హెచ్' అన్నది పెన్సిల్ గట్టిదనంతో చేసే గీత పరీక్ష కొలత, రాళ్లకు సంబంధించింది కాదు. బండి ఊళ్లోనే తిరుగుతుంటే కోటింగ్ చాలు. హైవే మీద ఎక్కువగా తిరిగితే ముందు భాగానికి ఫిల్మ్, మిగతాదానికి కోటింగ్ అనే కలయిక ఖర్చుకు తగ్గది.

ప్రశ్న: నాలుగేళ్లకు కారు అమ్మేస్తాను. పదేళ్ల ఫిల్మ్ నాకు గిట్టుబాటవుతుందా?

జవాబు: ఫిల్మ్, వేసే కూలీ, తీసే కూలీ మూడూ కలిపి, దాన్ని మీరు కారు ఉంచుకునే ఏళ్లతో భాగించండి, వారంటీ ఏళ్లతో కాదు. తీసే కూలీని దాదాపు అందరూ మరచిపోతారు. మంచి ఫిల్మ్ అయితే ప్యానెల్‌ను 60 డిగ్రీల దాకా వెచ్చబరచి, ప్యానెల్‌కు ఆనుకున్నట్టు తక్కువ కోణంలో నెమ్మదిగా లాగితే షీట్‌గా వస్తుంది. మిగిలిన జిగురును సిట్రస్ ద్రావణంతో తుడిస్తే సరి. నాసిరకం ఫిల్మ్ అయితే ఇదే పనికి రోజులు పడతాయి.

నాలుగేళ్ల వాడకానికి మొత్తం కారు ఫిల్మ్ చాలామందికి గిట్టదు. ముందు భాగం మాత్రం వేయించుకోండి, అదీ మంచి రకమే. అమ్మే రోజున రాళ్ల మచ్చలున్న బానెట్‌కు మళ్లీ పెయింటు వేయిస్తే కొనేవాడు మీటరు పెట్టి చూస్తాడు, ధర అక్కడ తగ్గిస్తాడు. ఫిల్మ్ తీసి ఫ్యాక్టరీ పెయింటు చూపించగలిగితే ఆ బేరం ఉండదు. బిల్లు, రోల్ నంబరు, వారంటీ కాగితం కారు పత్రాలతో పాటు దాచండి. ప్రమాదంలో ప్యానెల్ మారితే దాని మీది ఫిల్మ్‌కు బీమా వర్తిస్తుందో లేదో పాలసీని బట్టి ఉంటుంది, అడిగేటప్పుడు ఆ బిల్లే ఆధారం.